నిలవని స్విచ్చి

అనగనగా సముద్రం పక్కనే ఒక ఊళ్ళో అప్పయమ్మ అని ఒకావిడ ఉండేది, చిట్టీ. ఆవిడకి అలలంటే భయం లేదు, పామంటే భయం లేదు. కరెంటంటే మాత్రం భయం. చిన్నప్పుడు తడిచేత్తో తీగ పట్టుకుంటే, అది తిరిగి ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదట. అప్పట్నుంచీ లైటు వెయ్యాలన్నా అత్త నూకాలునే పిలిచేది.

ఆ ఇంట్లో ఒక పాత స్టీరియో రిసీవరు ఉండేది. అంటే పెద్ద రేడియో అనుకో. ఓడలో పనిచేసే చుట్టమొకాయన తెచ్చిచ్చాడు. స్విచ్చి నొక్కితే గాజు వెనకాల పచ్చటి దీపం పిల్లికన్నులా తెరుచుకునేది. దాని పాట రెండు స్పీకరు పెట్టెల్లోంచి వచ్చేది. అప్పయమ్మ మొగుడు కొర్లయ్య ఆ పెట్టెల్ని ఇంట్లో పెట్టలేదు. ఎందుకో తెలుసా?

ఆ ఊరి రేవుకి ఒకపక్క ఏనుగురాయి, ఇంకోపక్క నక్కరాయి. నడుమ పడవ పట్టేంత సందు. మంచు పడితే రాళ్ళు కనపడవు. అందుకని కొర్లయ్య పొడుగాటి తీగలు లాగి, ఏనుగురాయి ఎదురుగా ఒక పెట్టె, నక్కరాయి ఎదురుగా ఒక పెట్టె పెట్టాడు. రెండు పక్కల పాటా సమానంగా వినపడితే పడవ సందులో ఉన్నట్టు. ఏనుగురాయి పాటే ఎక్కువగా వినపడితే నక్కరాయి వైపు తిప్పాలి. అలా చెవులతో పడవ నడిపేవాడు.

ఒకరోజు తెల్లారేసరికి చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత మంచు. మిగతా పడవలు ముందే వచ్చేశాయి, మగవాళ్ళంతా చేపలతో సంతకి పోయారు. కొర్లయ్య పడవ ఒక్కటే రాలేదు. అప్పుడు నూకాలు స్విచ్చి నొక్కింది. పచ్చకన్ను తెరుచుకుంది. వేలు తీసింది. కన్ను మూసుకుంది.

"ఏటయ్యిందే దీనికి?" అని నూకాలు మళ్ళీ నొక్కి, వేలు తియ్యకుండా పట్టుకుంది. పాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. లోపల చిటచిటమని నిప్పురవ్వ ఎగిరింది. "ఓలమ్మో!" అని చెయ్యి లాగేసుకుంది.

ఆ తర్వాత అప్పయమ్మ గుండె చిక్కబట్టుకుని, స్విచ్చి పక్కన కొబ్బరిచిప్ప ముక్క ఇరికించింది. పాట నిలిచింది. అమ్మయ్య అనుకునేలోపే కాలిన వాసన, రేడియో పైకన్నాల్లోంచి సన్నటి పొగ. అప్పయమ్మ పరిగెత్తి ప్లగ్గు పీకేసింది. అప్పుడు ఊరంతా నిశ్శబ్దం. రాళ్ళ మీద అలలు విరుచుకుపడుతున్న చప్పుడొక్కటే.

"రేడియో ఇప్పాల, అత్తా," అంది అప్పయమ్మ.

"నువ్వా? లైటెయ్యడానికి నన్ను పిలుస్తావు కదే!"

"నీకు చూపానదు. ఇంకెవులున్నారు?"

కొర్లయ్య ఆ రేడియో పెట్టె విప్పినప్పుడల్లా అప్పయమ్మ దూరంగా నిలబడి చూసింది. అతను ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద డబ్బాల్లో కరెంటు కాసేపు దాక్కుని ఉంటుంది. అమ్మ నూకాలు కాల్చే చుట్ట ఒకటి పూర్తిగా అయిపోయేదాకా మూత ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక కూడా ఒక చెయ్యి వీపు వెనకాలే ఉండాలి.

నూకాలు చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కూర్చుంది. కొడుకు మంచులో ఉన్నాడాయె, గబగబా పీల్చేస్తోంది.

"మెల్లగా కాల్చు, అత్తా! నీ తొందరకి నా పేనం పోతాది."

"ఆడి పేనమో?"

తొందరపడితే పెట్టె కరుస్తుంది, ఆలస్యమైతే రాయి కరుస్తుంది. చివరికి నూకాలు చుట్ట పీకని బయటికి ఉమ్మి, "అయిపోనాది," అంది.

అప్పుడు అప్పయమ్మ ఎడంచెయ్యి వెనక్కి పెట్టి, చీరకొంగు గుప్పిట్లో బిగించి, కుడిచేత్తో మూత తీసింది. స్విచ్చికున్న రేకుమూత చాకుమొనతో లేపింది. లోపల రెండు ఇత్తడి నాలుకలు మసిపట్టి నల్లగా ఉన్నాయి. స్విచ్చిని నొక్కిన చోట పట్టి ఉంచాల్సిన బుల్లి తీగ కొక్కెం అరిగి అరిగి తెగిపోయింది. అదన్నమాట నిలవకపోవడానికి కారణం!

నాలుకల్ని గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్దింది. మరి కొక్కెం? గూట్లో కొర్లయ్య గాలాలున్నాయి. వాటిలో అన్నింటికంటే చిన్నది తీసి, ముల్లు విరిచి, కొక్కెం చోట పెట్టబోయింది. గాలం జారి ఆ పెద్ద డబ్బాల నడుమ పడింది.

అప్పయమ్మ ఊపిరి బిగబట్టింది. వేళ్ళు డబ్బాల మధ్యకి పోనిచ్చింది. ఏదీ కరవలేదు. గాలం తీసి, దాని చోట్లో కూర్చోబెట్టి, మూతలు రెండూ వేసి ప్లగ్గు పెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని స్విచ్చి నొక్కింది.

టక్!

వేలు తీసింది. పచ్చకన్ను తెరుచుకునే ఉంది. పాట మొదలైంది.

గుమ్మంలోంచి నూకాలు అరిచింది. "ఓలె! ఏనుగురాయి పాటొక్కటే ఇనిపిస్తంది. నక్కరాయిది పలకట్లేదే!"

అసలు పాడకపోతే కొర్లయ్య దూరంగానే ఆగేవాడు. ఒక్కటే పాడితే ఏనుగురాయికి దగ్గరయ్యాననుకుని పడవ తిప్పేస్తాడు. తిప్పితే నక్కరాయే. అప్పయమ్మ రేడియో వెనక్కి తొంగిచూసింది. మూత తీసినప్పుడు తగులుకుని, ఒక స్పీకరు తీగ ఊడి వేలాడుతోంది. కరెంటు ఉంది, కన్ను వెలుగుతోంది. ప్లగ్గు పీకి చుట్ట కాల్చే వ్యవధి ఇప్పుడెక్కడిది? అమ్మా అనుకుని, ఎడంచెయ్యి వెనకాలే పెట్టుకుని, తీగని దాని కన్నంలో దూర్చేసింది. రెండు పక్కలా పాట మోగింది.

ఆ తర్వాత వాళ్ళు ఒడ్డున నిలబడ్డారు. మంచు, అలలు, పాట. ఎంతకీ ఏమీ లేదు. అప్పుడు మంచులోంచి తెడ్డు చప్పుడు. ఆ వెనకే పడవ ముక్కు. దాని పక్క చెక్క మీద పొడుగాటి గీత, ఆ గీతలో నక్కరాయి నాచు.

కొర్లయ్య దిగాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఒక పక్కే ఇనిపించినాది. ఇటు తిప్పీసినాను. రాయి తగిలినాక రెండోది పలికినాది," అన్నాడు. నూకాలు కొత్త చుట్ట తీసింది కానీ అగ్గిపుల్ల గియ్యడం మర్చిపోయి కొడుకు చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక కొర్లయ్య గూట్లో చూసి, "చిన్న గాలం ఏదే?" అనడిగాడు.

"నిన్ను పట్టడానికి వేసీసినాను, మావా," అంది అప్పయమ్మ. వెళ్ళి, ఎవరినీ పిలవకుండా, తనే స్విచ్చి ఆపింది.

నువ్వు మాత్రం అలాంటివి ముట్టుకోకూడదు, తెలిసిందా? ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
పడవేమో ఒడ్డుకి,
మంచేమో కొండకి,
నిద్దరేమో నీ కంటికి.