మూత విప్పిన ల్యాప్‌టాప్

శిష్యులు ఏది అడిగినా దామోదరం మాస్టారు వెంటనే బదులు చెప్పేవారు కాదు. "ఆ వస్తువేదో పట్టుకురా, చూద్దాం" అనేవారు. రంగు కుదరడం లేదంటే రంగేసిన గుడ్డ తెమ్మనేవారు. గీత వంకరపోతోందంటే గీసిన కాగితంతో పాటు, ఏ పీట మీద కూర్చుని గీశారో ఆ పీట కూడా మోసుకురమ్మనేవారు. డిజైన్ కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యాక, హనుమకొండలో తన ఇంటి మేడ మీద గదిలో కొంతమంది విద్యార్థులకు ఆయన ఊరికే చదువు చెప్పేవారు. ఆ మేడ ఎక్కేవాళ్లలో ఆడెపు మౌక్తిక ఒకరు.

మౌక్తికది వరంగల్ కొత్తవాడ. తండ్రి రాజమౌళి మగ్గం మీద దర్రీలు నేస్తాడు. నేల మీద పరుచుకునే ఆ మందపాటి నూలు పట్టాలకు వాళ్ల పేటలో తాతల నాటి నుంచి అవే చారలు, అవే రంగులు. వాటికి కొత్త నమూనాలు కంప్యూటర్లో గీయాలని, వాటిని తండ్రే నేయాలని ఆమె కోరిక. అందుకోసమే పట్టుబట్టి డిజైన్ చదువులో చేరింది. మేనమామ కొడుకు వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి ఆమె చేతికొచ్చింది. వాళ్లింట్లో ముందుగదంతా మగ్గమే. ఆ మగ్గం పక్కన, గోడ వారగా చాప వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని ఆమె పని చేసుకునేది.

మొదట్లో ఆ ల్యాప్‌టాప్ బాగానే నడిచింది. తర్వాత తర్వాత కాస్త పెద్ద ఫైలు తెరిస్తే చాలు, వేడెక్కి హోరుమనడం మొదలుపెట్టింది. చివరికి అది చేయవలసిన ద్రోహం చేయకూడని చోటే చేసింది. ఏడాది పనినంతా బయటి నుంచి వచ్చిన పరీక్షకుల ముందు చూపించాల్సిన రోజు అది. మౌక్తిక తన నమూనాల్లో మొదటిది తెరిచి నోరు విప్పిందో లేదో, తెర నల్లబడిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది. నల్లని తెరలో తన ముఖం, వెనక నిలబడ్డ తోటి విద్యార్థుల ముఖాలు కనిపించాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు. పరీక్షకురాలు ఒకామె, "మరొక్క అవకాశం ఇస్తాం. ఈసారి పనిచేసే మిషన్‌తో రా అమ్మా" అని మాత్రం అంది.

ఆ సాయంత్రమే మౌక్తిక మేడ ఎక్కి మాస్టారి ముందు నిలబడింది.

"సార్, డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే తక్కువ ధరల ఏ ల్యాప్‌టాప్ కొనాలె? ఫ్రెండ్సేమో గేములాడేటిదే కొనమంటున్నరు. షాపాయన గ్రాఫిక్స్ కార్డు లేకుంటే దండుగ అంటున్నడు. ఇంటర్నెట్‌ల చదివితే ఒక్కొక్కలు ఒక్కో తీరు. నా కోసం బాపు చీటీ ఎత్తిండు సార్. ఒక్కసారి తప్పు కొంటే మళ్ల కొనే దారి లేదు."

మాస్టారు అంతా విన్నారు. "రేపు పొద్దున ఆ పాతదాన్ని పట్టుకురా. మీ బాపునూ వెంటబెట్టుకురా. కొనేది ఆయనే కదా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే రాజమౌళి పెళ్లికి పోతున్నవాడిలా తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఇక్కడి నుంచి నేరుగా షాపుకే పోతామని అతని లెక్క. మాస్టారికి దండం పెట్టి, "మీరు ఏది చూపిస్తే గదే కొంట సార్. బిడ్డ పని ఆగొద్దు" అన్నాడు. మాస్టారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద తెల్లటి డ్రాయింగు కాగితం పరిచి, ల్యాప్‌టాప్‌ను దాని మీద బోర్లించి, సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశారు.

మౌక్తిక చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, దాన్ని విప్పుతరా? అందులో నా ఫైళ్లున్నయి!"

"ఫైళ్లకేం కాదు. ఇది ఎందుకు ఆగిందో తెలియకుండా ఇంకోటి కొంటే, అదీ ఆగుతుంది" అంటూ ఆయన ఒక్కో స్క్రూ తీసి కాగితం మీద వరసగా పెట్టారు. అడుగు పలక కదిలించి పైకెత్తారు.

లోపల పచ్చని పలకలు, సన్నని తీగలు కనిపిస్తాయని మౌక్తిక అనుకుంది. కనిపించింది అది కాదు. ఫ్యాన్ ఉండవలసిన చోట ఏదో జంతువు ముడుచుకుని పడుకున్నట్టుంది. ఆమె అప్రయత్నంగా ఒకడుగు వెనక్కి వేసింది. మాస్టారు చిమటాతో దాని అంచు పట్టుకుని మెల్లగా లాగారు. అది ముక్కలు కాలేదు, పొడిగా రాలలేదు. చిటికెన వేలి మందాన, దగ్గరగా అతుక్కుపోయిన దుప్పటి ముక్కలా మొత్తంగా ఊడి వచ్చింది. దాన్ని ఆయన తెల్లకాగితం మీద పక్కకు తిప్పి పెట్టారు. అప్పుడు కనిపించాయి రంగులు. పైన ఎరుపు, దాని కింద నీలం, ఆ కింద మాసిన తెలుపు, అడుగున ఆకుపచ్చ. ఒక పొర మీద ఒక పొర, ఎవరో కూర్చుని పేర్చినట్టు.

రాజమౌళి కుర్చీలోంచి లేచి వంగి చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"అరె! గీ ఎర్రది పెండ్లి మంటపాలోళ్ల పని గద. మొన్న దసరా దాటినంక నేసినం. గీ నీలం బడిపిల్లలు కూసునే పట్టీలది. పచ్చది ఆ దర్గా కోసం నేసినం, యాదికున్నదా బిడ్డా? మనం నేసిందంత దీని కడుపుల దాగి కూసున్నది సూడు!"

ఆ నవ్వు అలాగే దగ్గులోకి మళ్లింది. ముందు మామూలు దగ్గే. అది ఆగలేదు. రాజమౌళి బల్ల అంచు పట్టుకున్నాడు. అతని వీపు తెల్లచొక్కా కింద విల్లులా వంగి లేస్తోంది. బల్ల కదిలి, వరసగా పెట్టిన స్క్రూలు కాగితం మీద దొర్లాయి. మౌక్తిక పరుగున వెళ్లి నీళ్లు తెచ్చింది గానీ, గ్లాసు పట్టుకోవడానికి అతని చెయ్యి రాలేదు. ఊపిరి లోపలికి పోతున్నప్పుడల్లా సన్నని ఈల లాంటి చప్పుడు వచ్చింది.

ఆమె గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. ఆ దగ్గు ఆమెకు కొత్త కాదు. రోజూ ఇంట్లో ఉన్నదే. మగ్గం చప్పుడులో కలిసి, తన చెవుల్లోని పాటల అవతల ఎక్కడో, ఇంట్లో ఒక చప్పుడుగా ఉన్నదే. చప్పుడు లేని ఈ గదిలో దాన్ని ఆమె మొదటిసారి విన్నది.

చాలాసేపటికి రాజమౌళి తేరుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుని, "ఏం లేదు సార్, దుమ్ము లేసింది కదా" అన్నాడు. మాస్టారి చేతిలో చిమటా గాలిలోనే ఆగి ఉంది. ఆయన మౌక్తిక వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు.

"ఇది మీ ఇంటికి ఎప్పుడొచ్చింది బిడ్డా?"

"పోయినేడు సార్."

మాస్టారు రాజమౌళి వైపు చూశారు. "మీరో?"

"నేనా సార్?" రాజమౌళి మళ్లీ నవ్వబోయాడు. "నేను పుట్టిందే మగ్గం కాడ."

మౌక్తిక కళ్లు కాగితం మీది రంగుల పొరల మీంచి తండ్రి ఛాతీ మీదికి వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి. తెల్లచొక్కా గుండీల వెనక ఆ ఛాతీ పైకీ కిందికీ ఇంకా ఎగసిపడుతూనే ఉంది. ఎరుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ. ఒక్క ఏడాదివి. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి తండ్రి భుజం పట్టుకుంది.

"బాపూ, షాపుకు తర్వాత పోదాం" అంది.

"ఎందుకే? నీ పరీక్ష దగ్గర పడ్డది గద?"

"లే బాపూ. లే."

ఛాతీ ఆసుపత్రికి మాస్టారు కూడా వెంట వెళ్లారు. ఫోన్ చేస్తే తల్లి సుగుణ ఆటోలో వచ్చి చేరింది. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద మౌక్తిక తల్లిని అడిగింది, ఎప్పటి నుంచి ఇట్లా ఉన్నాడని. సుగుణ కొంగు వేళ్లకు చుట్టుకుంది.

"వానలు పడ్డప్పటి సంది పండుకుంటలేడు బిడ్డా. పండుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకుని కూసునే నిద్రపోతడు. నీకు చెప్పొద్దన్నడు. చదువు పాడైతదట."

మగ్గానికి ఇవతల తాను, అవతల తండ్రి. తండ్రి గోడకు ఆనుకుని కూర్చోవడం ఆమె చూడకపోలేదు, చాలాసార్లే చూసింది. పని చేసి చేసి నడుము నొప్పి పుట్టి అలా కూర్చున్నాడనుకుని, మళ్లీ తన తెర వైపు తిరిగింది. ఆ తెర మీద దారం మందంలో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టుకోగలిగిన కళ్లు అవి.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. నూలు దుమ్ము చాలాకాలంగా పోతూ వచ్చిన ఊపిరితిత్తులన్నాడు. చెడిన మేరకు మళ్లీ బాగుపడదు, మిగిలింది కాపాడుకోవచ్చు, అదీ ఇప్పుడే మొదలుపెడితే, అన్నాడు. మందులు రాసి, కాగితం ఇస్తూ మౌక్తిక వైపు చూశాడు.

"నువ్వూ ఆ గదిలోనే ఉంటావా?"

ఆమె తలూపింది. ఆమె చేత కూడా ఒక గొట్టంలో ఊదించాడు. అంకె చూసి, "ఇప్పటికి బాగానే ఉంది" అన్నాడు. ఆ "ఇప్పటికి" అన్న మాట దగ్గర సుగుణ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చీటీ డబ్బు ల్యాప్‌టాప్ షాపు గడప తొక్కలేదు. కొంత మందులకు పోయింది. మిగిలిన దానితో ముందుగది గోడ పగలగొట్టి పెద్ద కిటికీ పెట్టించారు, దుమ్ము బయటికి లాగే ఫ్యాన్ బిగించారు. దానికి రాజమౌళి ఒక పట్టాన ఒప్పుకోలేదు. బిడ్డ కోసం ఎత్తిన చీటీ తన గోడకు పెడతారా అని రెండు పూటలు అన్నం ముట్టలేదు. కిటికీ నాకు కాదా బాపూ, నేనూ ఆ గదిల్నే ఉంట గద అని మౌక్తిక అన్న తర్వాతే మెత్తబడ్డాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే మాత్రం చాలారోజులు పోట్లాడాడు. నేసేటప్పుడు పాట పాడడం అతనికి అలవాటు. గుడ్డ కట్టుకుంటే పాట బయటికి ఎట్లొస్తదని అతని బాధ. ఇప్పుడు గుడ్డలోంచే పాడుతున్నాడు. పడుకుని నిద్రపోవడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు గోడ దగ్గరికే పోతాడు.

మాస్టారు పాత ల్యాప్‌టాప్‌ను శుభ్రంగా తుడిచి, ర్యామ్ ముక్క ఒకటి అదనంగా వేసి, మూత బిగించి ఇచ్చారు. రెండోసారి పరీక్షకుల ముందు అది చివరిదాకా నడిచింది. హోరు కూడా లేదు. ఆమె నమూనాలు చూసి వాళ్లు చాలా ప్రశ్నలు వేశారు. మౌక్తిక అన్నిటికీ జవాబు చెప్పింది గానీ, బయటికొచ్చాక ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. పాసయిందని తెలిసినప్పుడు సంతోషించడానికి కూడా ఆమెకు కొంచెం సమయం పట్టింది.

ఏడాది తిరిగాక, ఒక దర్రీల దుకాణం వాళ్లకు నమూనాలు గీసి ఇచ్చి ఆమె సొంతంగా కొంత కూడబెట్టుకుంది. పాతది ఇక నిజంగానే ముసలిదైపోయింది. మళ్లీ మేడ ఎక్కి, "సార్, అప్పుడడిగిన దానికి మీరు జవాబు చెప్పనేలేదు. ఏది కొనమంటరు?" అంది.

ఈసారి మాస్టారు ఏదీ తెమ్మనలేదు. "తెర మీద రంగులు అబద్ధం చెప్పకూడదు. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుండాలి. లోపలి గాలి బయటికి పోయే దారి సరిగా ఉండాలి. ఈ మూడూ ఉన్నవాటిలో చవకైనది కొనుక్కో. తళుకులు అక్కర్లేదు" అన్నారు.

"తొందరగా పాడైపోతదేమో సార్?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

"దాని గురించి భయం లేదు బిడ్డా" అన్నారు. "గాలి అందకపోతే అది మనలా ఓర్చుకోదు. ఆగిపోతుంది."