చిలకమ్మ ఎక్కాల్సిన జీపు

సింహాద్రికి లెక్కలంటే భయం లేదు. తన లెక్క మీద నమ్మకం కూడా కాస్త ఎక్కువే. అందుకే ఆ వారం అతనికి అన్నం సహించలేదు.

ఖాసిం ఉస్తాద్ దగ్గర పదకొండేళ్లు జీపుల పని నేర్చుకుని, ఈ మధ్యే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. మొదటి పెద్ద పని నర్సు మార్తమ్మ గారి జీపు. లోయలో ఉన్న ఊళ్ల నుంచి రోగుల్ని ఆసుపత్రికి తెచ్చే బండి అది. వాగు దాటాలి, ఘాట్ ఎక్కాలి, ఆ తర్వాతే తారు రోడ్డు. వాగులో రాళ్లు అడుగున తగులుతున్నాయంటే సింహాద్రి పెద్ద టైర్లు వేశాడు.

చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ నేల దాటాలి, ఇంజను మీద ఆ బరువంతా పడుతుంది. ఆ సంగతి తెలియనివాడు కాదు. అందుకే వెనక ఇరుసులో పళ్ల చక్రాల జత కూడా మార్చాడు. పాతది తొమ్మిది–ముప్పై ఏడు, అంటే చిన్నదానికి తొమ్మిది పళ్లు, పెద్దదానికి ముప్పై ఏడు. దాని బదులు తొమ్మిది–నలభై ఒకటి వేస్తే బండి సరిగ్గా మునుపటిలాగే లాగుతుందని కాగితం మీద తేల్చాడు. ఖాళీ బండి తనే నడిపి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా ఉందనుకున్నాడు.

తీరా సోమవారం నాడు ఘాట్ సగంలో జీపు ఆగిపోయింది. లోపలున్న ముసలాయన దిగి, ఆయాసపడుతూ మిగతా ఎత్తు నడిచి ఎక్కాడు. మార్తమ్మ గారు కోప్పడలేదు. "శుక్రవారం చిలకమ్మని తేవాలి సింహాద్రీ. తొమ్మిదో నెల. ఆవిడ్ని దించి నడిపించలేం కదా," అని మాత్రం అన్నారు.

తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే జీపు తీసుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"లెక్క ఎక్కడ తప్పిందో సెప్పండి ఉస్తాద్."

ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివాడు. "లెక్క తప్పలేదు. టైర్ల బరువూ, మనుషుల బరువూ ఇందులో లేవు."

"మరేటి? ఎనిమిది–ముప్పై తొమ్మిది వెయ్యమంటారా? అదేస్తే ఘాట్ ఎక్కుద్ది గాని, తారు రోడ్డు మీద ఎడ్లబండే. ఆసుపత్రికి బేగి సేరాలి కదేటి?"

ఉస్తాద్ లేచి జీపు దగ్గరికి నడిచాడు. రెండు ఇసుక బస్తాలు వెనక సీట్లో వేయించి తనే స్టీరింగు పట్టాడు. ఘాట్ దిగి, వాగు ఒడ్డున బండి తిప్పి ఆపాడు.

"ఎనక్కెళ్లి బల్ల మీద పడుకో."

"నేనా?"

"నువ్వే. రోగి పడుకున్నట్టు పడుకో."

ఆ బల్ల సింహాద్రి తన చేతులతో బిగించిందే. ఒక్కసారైనా దాని మీద నడుం వాల్చింది లేదు. సిగ్గుపడుతూనే పడుకున్నాడు. పైన గుడ్డ కప్పు తప్ప మరేం కనిపించడం లేదు.

జీపు ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపులో ఇంజను గొంతు పూడుకుపోయి, బండంతా గడగడ వణికింది. ఉస్తాద్ క్లచ్ తొక్కాడు. బండి మూరెడు వెనక్కి జారింది. సింహాద్రి బల్ల అంచు పట్టుకున్నాడు. అంతలో ఇంజను అరిచి బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. అతని నడుం బల్ల మీంచి లేచి దభీమని పడింది. రెండో మలుపులోనూ అదే వరస. మూడో మలుపుకి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలియదు.

"మెల్లగా ఉస్తాద్! మెల్లగా పోనీయండి!"

ఉస్తాద్ బండి ఆపి, చక్రం వెనక రాయి పెట్టి, వెనక్కి వచ్చాడు. భుజం మీది తువ్వాలుతో సింహాద్రి మొహం తుడిచాడు. పదకొండేళ్లలో తిట్టిన తిట్లు బోలెడు గాని, ఇంత మెత్తగా ఎప్పుడూ తాకింది లేదు.

"నేను మెల్లగానే పోదామనుకున్నాను బేటా," అన్నాడు. "నీ బండే పోనీడం లేదు."

సింహాద్రి లేచి కూర్చున్నాడు. చేతులింకా పొట్ట మీదే ఉన్నాయి. కాసేపటికి వాటికేసి చూసుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

సాయంత్రంలోపు ఇరుసు విప్పి, తొమ్మిది–నలభై ఒకటి తీసేసి, ఎనిమిది–ముప్పై తొమ్మిది వేశారు. ఉస్తాదే పక్కన కూర్చుని పానాలు అందించాడు. సింహాద్రి చేసిన ఒక్క పనికీ వంక పెట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సింహాద్రి ఆసుపత్రి నుంచి తిన్నగా ఉస్తాద్ షెడ్డుకే వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"తారు రోడ్డు మీద లారీలన్నీ మమ్మల్ని దాటుకుపోయాయి ఉస్తాద్. పావుగంట ఆలస్యమైపోయింది."

"చిలకమ్మ ఏమంది?"

"ఏటీ అనలేదు." సింహాద్రి ఆగాడు. "ఘాట్ పొడుగునా నిద్దరోయింది."

ఉస్తాద్ తలెత్తి జీపుని ఎగాదిగా చూశాడు.

"అయితే బండి బాగైంది," అన్నాడు.