జూమ్ లేని లెన్స్

తునిలో రహంతుల్లా మాస్టారి స్టూడియోలో ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న లోవరాజుకి ఆ వేసవిలో పెద్ద చిక్కే వచ్చిపడింది. అక్క దేవికకి పెళ్ళి కుదిరింది. "నా పెళ్ళి ఫొటోలు మా తమ్ముడే తియ్యాలి. ఇంకెవరొచ్చినా నేను తల ఎత్తను" అని ఆమె తేల్చి చెప్పేసింది.

కెమెరా ఉంది. దాంతోపాటు వచ్చిన చిన్న లెన్స్ ఉంది. అది కాక ఇంకొక్కటి కొనుక్కోగలడు. ఆ ఒక్కటే పెళ్ళికి పనికిరావాలి, పెళ్ళయ్యాక రోజూ కెమెరాకి ఉండాలి.

ఏది కొనాలో తేలక అతనికి నిద్ర పట్టడం లేదు. స్నేహితుణ్ణి అడిగితే యాభై ఎమ్.ఎమ్. లెన్స్ కొనమన్నాడు, దాంతో మొహాలు ముద్దొస్తాయట. వీడియోలో ఒకాయన, పద్దెనిమిది నుంచి నూట నలభై దాకా జూమ్ వెళ్ళేదైతే ఇంటినీ, ఇంటి మీద కాకినీ కూడా పట్టొచ్చన్నాడు. ఇంకో వీడియోలో ఇంకొకాయన అదంతా దండగ, మూడు వందల దాకా లాగేది ఉంటే తప్ప లాభం లేదన్నాడు. లోవరాజు మనసు ఈ చివరిదాని మీదికే పోతోంది.

మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన స్టూడియో వెనక వసారాలో కూర్చుని తాటిముంజలు ఒలుచుకుంటున్నారు. సంగతంతా విని, ఒక ముంజ అతని చేతిలో పెట్టారు.

"ఆ పొడుగుదే ఎందుకు?"

"దూరంగా నిలబడి తీయొచ్చు మాస్టారూ. తీస్తున్నట్టు వాళ్ళకి తెలీదు. ఫొటోలు సహజంగా వస్తాయి."

"బానే ఉంది. ఈమధ్య ఇంట్లో ఏం తీశావో చూపించు."

లోవరాజు కెమెరా ఇచ్చాడు. మాస్టారు చెయ్యి తుడుచుకుని ఒక్కో ఫొటో చూస్తూ పోయారు. వడియాలు పెడుతున్న అమ్మ. తల ఆరబోసుకుంటున్న దేవిక. పక్కింటి సత్యవతి పిన్ని, ఆవిడ మేకపిల్ల. ఒక ఫొటో దగ్గర ఆయన వేలు ఆగింది. కిటికీ ఊచల వెనక నుంచి, పెరటికి ఆ చివర, షెడ్డులో వంగి పని చేసుకుంటున్న ఒక వీపు. తర్వాతి ఫొటోలోనూ ఆ వీపే. ఆ తర్వాత సైకిలెక్కి పోతున్న అదే వీపు.

"ఈయనెవరు?"

"మా నాన్న."

"వెనక నుంచి బాగున్నారు" అన్నారు మాస్టారు.

లోవరాజు నేల చూపులు చూశాడు. విశాఖపట్నంలో బ్యాంకు పరీక్షల కోచింగ్ మధ్యలో మానేసి, ఫొటోలు నేర్చుకుంటానని తిరిగి వచ్చిన రోజు నుంచీ నూకరాజు కొడుకుతో మాట్లాడటం లేదు. ఒకే ఇంట్లో ఉంటారు. ఏదైనా అనాల్సి వస్తే మధ్యలో తల్లి ఉంది. "వాడు తిన్నాడేమో అడుగు" అని ఈయన, "తిన్నానని చెప్పమ్మా" అని అతను. ఇద్దరూ వినబడేంత దూరంలోనే కూర్చుని ఉంటారు.

మాస్టారు కెమెరా పక్కన పెట్టారు. లేచి బీరువా తీసి, తన పాత లెన్స్ ఒకటి తెచ్చారు. కురచగా, బొటనవేలంత ఉంది. లోవరాజు కెమెరాకున్న లెన్స్ విప్పి, దీన్ని బిగించి, అతని లెన్స్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పందిరి వేసేలోగా దీంతో మీ ఇంట్లో అందరినీ తీసుకురా. మొహాలు కనబడాలి."

లోవరాజు లెన్స్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి జూమ్ లేదు మాస్టారూ."

"లేదు" అన్నారాయన. ఇంకో ముంజ నోట్లో వేసుకున్నారు.

ఇంటికొచ్చి మొదలుపెట్టాడు. ఉన్నచోట నిలబడి తీస్తే గోడలు, సామాన్లు, మధ్యలో ఎక్కడో చీమంత మనిషి. మొహం కావాలంటే మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడాల్సిందే. "ముక్కులోకి దూరిపోతావేట్రా" అని తల్లి నవ్వింది. ఆ నవ్వు చక్కగా పడింది. గోరింటాకు పెట్టుకున్న చేతులతో దేవిక తమ్ముణ్ణి తరమబోయింది. అదీ పడింది. సత్యవతి పిన్ని పిలవకుండానే వచ్చి, పమిట సర్దుకుని నిలబడింది.

నాన్న ఒక్కడే మిగిలాడు.

పందిరి రాటలు బండి మీద వచ్చాయి. ఇంక గడువు లేదు. ఆ మధ్యాహ్నం నూకరాజు షెడ్డులో కూర్చుని, కూతురికి సారెలో పెట్టే ఇత్తడి బిందె మెరుగు పెడుతున్నాడు. లోవరాజు కిటికీ దగ్గర నిలబడి కెమెరా ఎత్తాడు. అదే వీపు, బఠాణీ గింజంత. దించాడు. తర్వాత గుమ్మం దిగి, పెరడు దాటి, షెడ్డు లోపలికి వెళ్ళాడు.

బిందె మీద గుడ్డ ఆగింది.

"ఏటి?" అన్నాడు నూకరాజు, తల ఎత్తకుండా.

లోవరాజు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ లేదు. ఆ మాట తననే.

"ఫొటో నాన్నా."

"అక్కణ్ణించి తీసుకోలేవా?"

"ఈ లెన్స్‌తో అంత దూరం నుంచి రాదు."

"మంచిది కొనుక్కోలేకపోయావా?"

"మాస్టారు దీంతోనే తీయమన్నారు."

నూకరాజు మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూనే అడిగాడు. "ఎంత దగ్గరికి రావాలి?"

"ఇంకొంచెం."

ఆయన కాలితో ముక్కాలి పీటను ఇటు నెట్టాడు. "కూర్చో. నిలబడితే నీ నీడ పడతంది."

లోవరాజు కూర్చున్నాడు. ఇద్దరి మోకాళ్ళూ దాదాపు తగులుతున్నాయి. నాన్న కనుబొమలు ఎప్పుడు నెరిశాయో అతనికి తెలీదు. కెమెరా ఎత్తేసరికి నూకరాజు బిందె పక్కన పెట్టి, బనియను వైపు చూసుకున్నాడు.

"చొక్కా ఏసుకుని రానా?"

"వద్దు నాన్నా, ఇలాగే బాగుంది."

"నువ్వుండు" అని లేచి ఇంట్లోకి వెళ్ళాడు. పెళ్ళి కోసం కొన్న కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. మడతలు అట్టముక్కల్లా నిలబడి ఉన్నాయి. ఫొటోకి సిద్ధంగా, మెడ నిక్కించి కూర్చోబోయి ఉలిక్కిపడ్డాడు. కాలరులో గుండుసూది.

"ఉండు నాన్నా, కదలకు." లోవరాజు కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ముందుకి వంగి, తండ్రి మెడ దగ్గర తడిమి సూది తీశాడు. ఇంకొకటి దొరికింది. భుజం దగ్గర మరొకటి.

"చొక్కాతోపాటు నన్ను కూడా గోడకి తగిలిద్దామనుకున్నాడేమోరా ఆ కొట్టువాడు" అన్నాడు నూకరాజు. అని నవ్వాడు.

లోవరాజు ఫొటో తీశాడు.

మర్నాడు మాస్టారు ఆ ఫొటోని చాలాసేపు చూశారు. "ఎవరు నవ్వించారు?"

"గుండుసూది మాస్టారూ."

ఆయన కూడా నవ్వి, బీరువా తాళం తీసి అతని లెన్స్ అతనికి ఇచ్చేశారు. "ఆ పద్దెనిమిది, నూట నలభైది కొనుక్కో. ఒక కొసన పందిరంతా పడుతుంది, రెండో కొసన తలంబ్రాల గింజ కూడా కనబడుతుంది. పెళ్ళికీ, తర్వాత రోజూ వాడుకోడానికీ అది చాలు."

లోవరాజు తెల్లబోయాడు. "ఈ ముక్క ఆరోజే చెప్పొచ్చు కదా మాస్టారూ."

"ఆరోజు కొనుంటే నీకది దుర్భిణీ అయ్యేది" అన్నారు రహంతుల్లా మాస్టారు.