గేదెకొమ్ము పిడి

కోటిలింగం గారు వేటపాలెంలో సన్నాయి నేర్పేవారు. పాఠం మొదలుపెట్టే ముందు అరుగు మీద కూర్చుని, పాత మంగలికత్తితో తన గడ్డం తానే గీసుకోవడం ఆయన అలవాటు. కత్తి మడిచే పిడికి రెండువైపులా గేదెకొమ్ము బద్దలు. ఒకటి నల్లగా నిగనిగలాడేది, రెండోదానికి అడ్డంగా తెల్లటి చార. అంత పట్టింపు మనిషి ఆ మచ్చను ఎలా సహిస్తున్నారో అడిగే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు.

ఒక ఉదయం భావనారాయణ అనే శిష్యుడు ఆయన్ను సలహా అడిగాడు. తల్లి దినాల్లో మాటామాటా పెరిగి, ఆరేళ్లుగా అతనికీ అన్నకీ పలకరింపుల్లేవు. ఇప్పుడు అన్న బాపట్లలో మంచం పట్టాడని కబురొచ్చింది. ఇంత కోపం లోపల పెట్టుకుని వెళితే అది నటనే అవుతుందనీ, ముందు మనసు శుభ్రం చేసుకుని అప్పుడు వెళ్లాలనీ అతని ఆలోచన. మాకందరికీ అది పెద్దమనిషి మాటగానే తోచింది.

గురువుగారు కత్తి తుడిచి అతని చేతిలో పెట్టి, దాని సంగతి చెప్పారు. చెప్పినంతసేపూ 'నేను' అనలేదు, 'కొడుకు' అనే అన్నారు.

అది మంగలిపని చేసిన ఆయన తండ్రి దుర్గయ్య కత్తి. చేతులు వణకడం మొదలయ్యాక దాన్ని కొడుక్కి అప్పగించాడు. కొడుక్కేమో సన్నాయి పిచ్చి. కత్తిని పెట్టె అడుగున పడేసి కచేరీల వెంట తిరిగాడు. చివరికి తండ్రి మంచాన పడి, ఆ కత్తితోనే ఒక్కసారి తన గడ్డం గీయమన్నాడు. పెట్టె తెరిస్తే కత్తి అలుగంతా తుప్పు, పిడిని పురుగు తినేసింది.

కొడుక్కి తల కొట్టేసినట్టయింది. నూనె రాసి తుప్పు వదిలించాడు, సానరాయి మీద నూరాడు, తోలుపట్టీ మీద సాపు చేశాడు. ఇక పిడి. కొమ్మును కాచి, అదిమి, బద్దలు కోసి, ఆకురాయితో అరగదీస్తే ఒకదానిలో తెల్లచార బయటపడింది. నాన్న కత్తికి మచ్చ ఉండకూడదని ఆ బద్దలు పక్కన పడేసి, మంచి కొమ్ము కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. తండ్రి రోజూ మాసిన గడ్డం తడుముకుంటూ అయిందా అని అడిగేవాడు. రేపు అనేవాడు కొడుకు. ఒకసారి ముసలాయన విసుక్కున్నాడు.

"నా గడ్డానికి పిడెందుకురా? గుడ్డ చుట్టి గీసెయ్."

కొడుకు వినలేదు. తొమ్మిదోనాడు మచ్చలేని కొమ్ము చంకన పెట్టుకుని ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం. స్నానం చేయించే ముందు, అలుగు మొదట్లో పాతగుడ్డ చుట్టి, తండ్రి గడ్డం తనే గీశాడు. కత్తి ఎక్కడా పట్టకుండా నడిచింది. గీయడం అయ్యాక గీయించుకున్న మనిషి చెయ్యి పట్టుకుని చెంప మీద రాయించి, నున్నగా ఉందా అని అడగడం దుర్గయ్య పద్ధతి. కొడుకు తండ్రి చెయ్యి ఎత్తి ఆ చెంప మీద రాశాడు. అడగడానికి నోరు రాలేదు.

తెచ్చిన కొమ్మును కోయనే లేదట. చార ఉన్న బద్దనే బిగించుకున్నారట. భావనారాయణ కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఈ కోపంతోనే వెళ్లమంటారా?"

గురువుగారు కత్తి వెనక్కి తీసుకుని మడిచారు.

"పదును మూడోనాడే వచ్చిందయ్యా," అన్నారు.