తీతువు గుడ్లకు దిష్టిచుక్కలు

ఒకప్పుడు తీతువు పిట్ట గుడ్లు మల్లెపూలలా తెల్లగా ఉండేవి. అది కాపురముండే చోటేమో ఎర్రమట్టి దిబ్బల ఎడారి. చెట్టు లేదు, చెరువు లేదు, మనిషి జాడ అసలే లేదు. వానలకు కోసుకుపోయిన గండ్లలో గాలి ఒక్కటే తిరిగేది.

అలాంటి చోటికి ఒకనాటి పొద్దున్నే ఓబులమ్మ అనే ముసలామె మూట మోసే గాడిదను చేతికర్రతో తోలుకుంటూ వచ్చింది. దిబ్బ పక్కన గుడారం వేసింది. అక్కడికి దగ్గర్లోనే, వట్టి నేల మీద నాలుగు గుడ్లు పొదుగుతున్న తీతువు ఉలిక్కిపడి అరిచింది.

"ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?"

"ఊరికేనే తల్లీ. ఈ దిబ్బలు శానా బాగుంటాయంటే, రెండు దినాలుండి చూసిపోదామని వచ్చినా."

ఊరికే చూడ్డానికా! ఈ మట్టినా! తీతువు నమ్మలేదు. ఆ మూట ఎందుకంత ఉబ్బెత్తుగా ఉంది? ఆ కర్ర ఎవరిని కొట్టడానికి? ఓబులమ్మ మూడు రాళ్ళు పెట్టి కుండ ఎక్కించేసరికి దానికి అంతా తెలిసిపోయింది. గుడ్లు ఉడకబెట్టడానికి కాకపోతే కుండ ఎందుకు? చూశారా దాని తెలివి!

పక్క గండిలో ఉండే నక్క మెల్లగా వచ్చింది. "కోడలా, కొత్త మొహాలను నమ్మకూడదు. గుడ్లు నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి ఆ ముసలిదాని మీద కన్నేసి ఉండు," అంది.

నక్క మామ ఎన్నేళ్ళనుంచో తెలిసినవాడు కదా! తీతువు ప్రాణం కుదుటపడింది. వెళ్ళి గుడారం ముందు నిలబడి, కళ్ళార్పకుండా కాపలా కాసింది. ఓబులమ్మ సంగటి ముద్దలోంచి కాస్త తుంచి వేసింది. విషం కలిపిందేమో! తీతువు మొహం తిప్పుకుంది.

"పొద్దుటినుంచీ నా కుండకు కావలి కాస్తాండావే. మరి నీ గుడ్లకాడ ఎవరుండారు?" అంది ఓబులమ్మ.

"మా నక్క మామ."

ఓబులమ్మ చేతిలో ముద్ద వదిలేసి, కర్ర పుచ్చుకుని పరుగెత్తింది. వెనకే తీతువు. నక్క మూతి నాక్కుంటూ పారిపోయింది. నాలుగు గుడ్లలో మూడే మిగిలాయి.

తీతువు గుండె పగిలేలా ఏడ్చింది. ఓబులమ్మ గుడ్ల పక్కన కూర్చుంది. తాగడానికి దాచుకున్న నీళ్ళతో మట్టి తడిపి గుడ్లకు పూసింది. కుండ అడుగున మసి వేలితో తీసి, పసిబిడ్డకు దిష్టిచుక్క పెట్టినట్టు వాటికి చుక్కలు పెట్టింది.

సాయంత్రం నక్క మళ్ళీ వచ్చింది. గుడ్ల పక్కనుంచే నడిచి, "ఉత్త రాళ్ళు" అనుకుంటూ పోయింది.

మూడోనాడు ఓబులమ్మ గుడారం విప్పి బయలుదేరింది. తీతువు ఆమెకు ఒక మంచిమాట చెప్పాలనుకుంది. కానీ ఏ మొహం మంచిదో, ఏ మొహం దొంగదో ఇక దానికి నమ్మకం చిక్కలేదు. నోరు తెరిస్తే పాత మాటే వచ్చింది. "ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?"

ఓబులమ్మకు కోపం రాలేదు. "అట్లే అరువు తల్లీ. నేనొచ్చినా అరువు," అంది.

అప్పటినుంచే తీతువు గుడ్లు మట్టిరంగులో, మసి చుక్కలతో రాళ్ళలా ఉంటాయి. ఎవరు ఆ చుట్టుపక్కలకు వెళ్ళినా, మీరైనా నేనైనా, అది నెత్తిమీద తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది. పోయిన ఆ ఒక్క గుడ్డును అది ఇంకా మరిచిపోలేదు.