ఏరమ్మ పూడ్చనివ్వని పాయ

నేలా సముద్రమూ కలిసే చోట నురగలంక అని ఒక మడ అడవి ఉండేది. అందులో నీటికుక్కలు, బావురుపిల్లులు, నక్కలు, అడవిపందులు, ఎర్రపీతలు ఉండేవి. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి, ఒడ్డుకు కంచె కట్టినట్టు నిలబడేవి. చెట్ల మధ్య నుంచి రెండు పాయలు సముద్రంలోకి పోయేవి. వాన నీళ్ళు, పోటు నీళ్ళు అన్నీ వాటిలోంచే వెళ్ళిపోయేవి.

ఆ ఒడ్డున తిండికి కొదవ లేదు. ఆ మాట విని లోపలి అడవుల నుంచి జంతువులు గుంపులు గుంపులుగా దిగాయి. బొరియ పక్కన బొరియ లేచింది. చూస్తుండగానే అదొక పేట అయింది.

పేటకు పెద్ద ఒక అడవిపంది. పేరు బండముట్టె. అబ్బో, దాని బలం చెప్పతరం కాదు! ముట్టెతో ఒక్క కుమ్ము కుమ్మితే చెట్టు వేళ్ళతో సహా లేచేది.

ఒక ఉదయం అది అందర్నీ పిలిచి, "చోటు చాలడం లేదు. ముందున్న మడచెట్లు పెకిలిద్దాం. రెండు పాయలూ పూడుద్దాం. ఎంత నేల వస్తుందో చూడండి!" అంది.

"ఆహా, ఏం బుర్ర!" అన్నాయి జంతువులన్నీ.

అప్పుడే కడలవ్వ అనే సముద్రపు తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కింది. ఎన్నో సముద్రాలు ఈదిన ముసలమ్మ. "పాయల జోలికి పోకు నాయనా. సముద్రం మునుపటిలా లేదు" అంది.

"ఏమొచ్చిందవ్వా సముద్రానికి?" అంది పంది.

"వేడెక్కింది. మనుషులు బొగ్గూ చమురూ కాల్చి పొగ వదులుతున్నారు. అది ఆకాశంలో దుప్పటిలా పరుచుకుని వేడిని పైకి పోనివ్వడం లేదు. ఆ వేడినంతా సముద్రం తాగుతోంది. వేడి నీళ్ళే తుఫానుకు తిండి. తిన్నకొద్దీ బలుస్తుంది, కుండపోతగా కురుస్తుంది. పైగా ఎక్కడో మంచు కరిగి సముద్రం ఏటేటా పైకి వస్తోంది."

బండముట్టె పకపకా నవ్వింది. "తుఫాన్లు మాకు కొత్తా? మా తాత ఎన్ని చూశాడో!"

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే ఇదే మరి.

"మీ తాత రోజుల్లో ఒడ్డున ఇంతమంది లేరు. ముందు చెట్లున్నాయి. నీళ్ళు పోయే దారి ఉంది" అంది కడలవ్వ.

"మనుషుల పొగకు నన్నేం చెయ్యమంటావు?"

"పొగ ఆపాల్సింది మనుషులు. పాయను కాపాడాల్సింది నువ్వు."

పంది వింటేగా! పేట ముందున్న మడచెట్లు పెకిలించింది. మొదటి పాయ పూడ్చేసింది. రెండో పాయ గట్టున, మడచెట్ల మధ్య ఏరమ్మ అనే నీటికుక్క తన పిల్లలతో ఉండేది. కడలవ్వ మాటలు అది శ్రద్ధగా విన్నది. పంది రాగానే అడ్డంగా నిలబడింది.

"ముందు నన్ను పూడ్చు మామా. తర్వాత పాయను పూడుద్దువుగాని."

పంది ముందు నీటికుక్క ఎంతని! అయినా అంగుళం కదల్లేదు. ఆ గుండెకు దణ్ణం పెట్టాలి, పిల్లలూ!

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఉండు, రేపు నా పేటలోనే చోటడుగుతావు" అని పంది వెళ్ళిపోయింది. జంతువులు ఏరమ్మను చూసి నవ్వాయి. ఏరమ్మ మాత్రం మడకాయలు ఏరి తెచ్చి, పాయ గట్టున బురదలో నాటుతూ ఉండిపోయింది.

వానాకాలం చివర తుఫాను వచ్చింది. అమ్మో, అదేం గాలి! పేట ముందు ఒక్క చెట్టూ లేదు. అలలు తిన్నగా బొరియల్లోకి దూకాయి. వెనక నుంచి వాన నీళ్ళు వచ్చి పడ్డాయి. పోయే దారి లేక నీళ్ళు అక్కడే నిలిచి పెరిగాయి. బండముట్టె పిల్లలు ఒక మట్టిదిబ్బ ఎక్కి కెవ్వుమన్నాయి. దిబ్బ కరిగిపోతోంది.

ఏరమ్మ వైపు రెండు చెట్లు ఒరిగాయి, అంతే. అలల జోరును మడచెట్లు విరిచేశాయి. ఏరమ్మ తన పిల్లల్ని ఎత్తు మీద దాచి, వరదలోకి దూకి ఈదుకుంటూ వచ్చింది.

"మామా, ఆటు మొదలైంది, సముద్రం వెనక్కి తగ్గుతోంది! నా పాయ నీళ్ళను లాగుతోంది. ఇటు తవ్వు, నీళ్ళు పోతాయి!"

బండముట్టె తాను పోసిన మట్టినే పిచ్చిగా తవ్వింది. కోర విరిగింది. నెత్తురు కారింది. ఆగలేదు. గండి పడగానే నీళ్ళన్నీ ఏరమ్మ పాయలోకి ఉరికి సముద్రంలో కలిశాయి.

పిల్లలు దక్కాయి. పేట మాత్రం దక్కలేదు.

బండముట్టె తల వంచి ఏడ్చింది. "నిన్ను వెక్కిరించాను తల్లీ. నా పిల్లల్ని బతికించావు."

"ఏడుపు తర్వాత మామా. ముందు ఆ పూడ్చిన పాయ తవ్వుదాం పద" అంది ఏరమ్మ.

జంతువులన్నీ కలిసి పాయ తవ్వాయి. గట్లనిండా మడకాయలు నాటాయి. పేటను మెరకకు మార్చుకుని, ఏరమ్మను పెద్దగా పెట్టుకున్నాయి.

మరుసటేడు ఒక నక్క కుటుంబంతో వచ్చింది. "పాయ పక్కన ఇంత నేల ఖాళీగా ఉందే! ఇక్కడ బొరియ తవ్వుకోనా?" అని అడిగింది.

బండముట్టె దాన్ని ఆపింది. "అది ఖాళీ కాదు, నీళ్ళ చోటు. ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి నేను పేటనే పోగొట్టుకున్నాను. నీకు ఊరికే చెబుతున్నాను, విను."

నీతి: నీళ్ళ చోటు నీళ్ళకు వదిలిన ఊరే తుఫానుకు నిలుస్తుంది.