తిరిగి వెళ్లిన మూడు కవర్లు

బొబ్బిలిలో హైమావతి అనే దర్జీ ఉండేది. మాట ఇవ్వడంలో ఎంత తొందరో, కాగితం విప్పి చదవడంలో అంత వెనకడుగు ఆమెకు.

ఆమె తండ్రి జగ్గునాయుడికి బోర్లు వేసే లారీ ఉండేది. ఆయన చివరి రెండేళ్లూ మంచంలోనే గడిపాడు. లారీని డ్రైవరు తిప్పేవాడు. ఒక వేసవిలో జగ్గునాయుడు కన్నుమూశాడు. హైమావతి ఒక్కతే సంతానం.

పెద్దకర్మ నాడు విస్తళ్లు వేయకముందే ఆమె లేచి నిలబడింది.

"మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే మొహమాటపడకండి. ఇప్పుడే చెప్పండి, నేను తీరుస్తాను. ఆయన బాకీతో పోయాడన్న మాట నేను పడలేను" అంది.

టైర్ల కొట్టాయన నాలుగు వేలన్నాడు. పాలావిడ నెల డబ్బులంది. టీ కొట్టు గురవయ్య తల గోక్కుంటూ, "నాకు పద్దెనిమిది రూపాయలమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. హైమావతి నవ్వలేదు. ఇరవై రూపాయల నోటు చేతిలో పెట్టింది.

"రెండు రూపాయలు తిరిగియ్యి బాబాయ్. మా నాన్న తక్కువా ఇవ్వడు, ఎక్కువా ఇవ్వడు."

ఆ రోజు ఊరంతా ఆమెను మెచ్చుకుంది.

వారం తిరక్కుండా పోస్టుమ్యాన్ పైడిరాజు సైకిల్ దిగాడు.

"హైమమ్మా, నాయుడుగారి పేరున రిజిస్టరు కవరు."

కవరు మీద తండ్రి పేరు టైపు చేసి ఉంది. ఆ పేరు చూడగానే ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయన లేరు కదా పైడిరాజూ."

"నాకు తెలీదేటమ్మా? భోజనానికి నానూ వచ్చాను కదా. కూతురివి నువ్వున్నావు. సంతకం పెట్టి తీసుకో."

"పోయిన మనిషికి ఉత్తరాలేమిటి? అదే ముక్క రాసి వెనక్కి పంపెయ్."

పైడిరాజు కవరు మీద 'చనిపోయారు' అని రాసుకుని వెళ్లిపోయాడు.

హైమావతి లారీ అమ్మేసింది. ఆ డబ్బుతో తండ్రి పేరున బస్టాపు దగ్గర షెల్టరు కట్టిస్తానని ఊరి పెద్దలకు మాటిచ్చింది. భర్త సత్యం ఒక్క మాట అన్నాడు.

"ఒక ఆర్నెల్లు ఆగరాదా? మావయ్య కాగితాలు ఒకసారి ఎవరికైనా చూపిద్దాం."

"ఊళ్లో అందరి ముందూ అడిగాను. అన్నీ తీర్చాను. ఇంకేం చూపించాలి?" అంది ఆమె.

షెల్టరుకు రేకులు వేస్తుండగా రెండో కవరు వచ్చింది. అదీ తిరిగి వెళ్లింది. షెల్టరు ప్రారంభించిన నెలకు మూడోది వచ్చింది. ఈసారి పైడిరాజు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అమ్మా, దీని మీద పేరు కింద ఇంకేదో కూడా రాసుంది. ఒక్కసారి చూడు."

"మా నాన్న పేరు కనబడుతోంది. చాలు. నన్ను ఏడిపించకు బాబూ" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఏడాదిన్నర గడిచింది. దసరా ముందు బట్టల తానులు కొందామని హైమావతి బ్యాంకుకు వెళ్లింది. మేనేజరు ఆమెను కూర్చోమన్నాడు.

"మీ ఖాతా ఆపేశారమ్మా. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు."

"నాకు టాక్సా? నాలుగు మిషన్ల కొట్టండీ నాది!"

"మీది కాదమ్మా. మీ నాన్నగారిది."

ఆమె లేవబోయింది. బల్ల అంచు పట్టుకుని మళ్లీ కూర్చుంది.

మర్నాడు విజయనగరంలో ఆడిటరు రమణకుమారి దగ్గరకు వెళ్లాలి. బస్టాపులో తండ్రి పేరున్న షెల్టరు ఉంది. జనం దాని నీడలో కూర్చున్నారు. హైమావతి ఎండలోనే నిలబడింది.

రమణకుమారి కంప్యూటర్లో వివరాలన్నీ తీసి చూసింది.

"మీ నాన్నగారు ఆఖరి రెండేళ్లూ ఆదాయపు పన్ను రిటర్ను వేయలేదు."

"మా నాన్న ఎగ్గొట్టారా?" హైమావతి కుర్చీలో ముందుకు జరిగింది.

"ఎగ్గొట్టలేదమ్మా. మంచంలో ఉన్నారన్నారు కదా. వేసేవాళ్లు లేరు. లారీ సంపాదన మాత్రం బ్యాంకులో పడుతూనే ఉంది."

"మరి నేను తిప్పి పంపిన మొదటి కవరులో ఏముంది?"

"లెక్కలు పంపమని అడిగారు. అంతే. డీజిల్ ఖర్చు, డ్రైవరు జీతం చూపిస్తే సగం తగ్గేది. ఎవరూ జవాబు ఇవ్వలేదు. వచ్చిన ప్రతి రూపాయీ ఆదాయమే అనుకుని పన్ను వేశారు. దాని మీద వడ్డీ. మొత్తం మూడు లక్షల పదివేలు."

హైమావతి అడిగింది:

"అది ఆయన బాకీ కదమ్మా? నా కొట్టు మీదకెందుకు వచ్చింది?"

"మామూలుగా రాదు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తిలోంచే కట్టాలి. లారీ ఉండి ఉంటే అది అమ్మి కట్టేవారు. మీరు పన్ను తీరకముందే అమ్మేశారు, ఆ డబ్బు దానం చేసేశారు. అలా చేస్తే ఆ ఆస్తి విలువ మేరకు మీరే కట్టుకోవాలి."

"నేను ఊరందరి ముందూ అడిగానమ్మా. బాకీ ఉంటే చెప్పండని నోరు తెరిచి అడిగాను."

రమణకుమారి ఒక కాగితం ముద్రించి ఆమె ముందు పెట్టింది. అది మూడో కవరులోని ఉత్తరం. పైన తండ్రి పేరు. దాని కింది వరుసలో, వారసురాలు హైమావతి.

"వాళ్లూ చెప్పారు. మూడుసార్లు చెప్పారు. ఆఖరిసారి మీ పేరునే రాశారు."

హైమావతి ఆ వరుస మీద వేలు పెట్టింది.

ఇంటికొచ్చి సత్యానికి ఒకే మాట చెప్పింది. "బాకీ ఉంటే తీరుస్తానని అన్నాను. తీరుస్తాను." బ్యాంకులో ఉన్నది పోయింది. మూడు మిషన్లు పోయాయి. చేతి గాజులు పోయాయి. కొట్టు ఖాళీ చేసి, మిగిలిన ఒక్క మిషన్‌ను ఇంటి వసారాలో వేసుకుంది.

నాలుగు నెలల తర్వాత పైడిరాజు మళ్లీ సైకిల్ దిగాడు. గుమ్మం దగ్గరే ఆగి, కవరు చూపించడానికి జంకాడు.

"నాయుడుగారి పేరునే వచ్చిందమ్మా. ఏటి చెయ్యమంటావు?"

హైమావతి మిషన్ ఆపింది. చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది. అతని ముందే అంచు చింపి, నిలబడే చదివింది. మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా, మళ్లీ మొదటి నుంచి.

"ఏటి రాశారమ్మా?"

"మా నాన్నకు ఇక బాకీ లేదట" అంది. అప్పుడు ఏడ్చింది.

పోయినవారి పేరున వచ్చిన ఉత్తరం బతికున్నవారికి వచ్చినట్టే. వారి ఆస్తిలో చెయ్యి పెట్టేముందు దాన్ని విప్పి చదవాలి.